క్రెడిట్ కార్డును రూపాయి వడ్డీ లెక్కలో చూస్తే

చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో చేబదులు మాట వచ్చినప్పుడు ఏడాదికి ఎంత శాతం అని ఎవరూ అడగరు. నూటికి నెలకు ఎంత అన్నదే లెక్క. రూపాయి వడ్డీ అంటే తెలిసినవాళ్లు మొహమాటానికి ఇచ్చింది. రెండు రూపాయలంటే బజారు రేటు. మూడు దాటిందంటే "అంత అవసరం ఏమొచ్చింది?" అని ఇంట్లో పెద్దవాళ్లు నిలదీస్తారు. పాడి ఆవు కొనే రైతుకైనా, గాంధీ రోడ్డులో దుకాణం నడిపే వ్యాపారికైనా ఈ లెక్క నోటి మీదే ఉంటుంది. పావలా తేడా కోసం గంటసేపు బేరం చేసేవాళ్లూ ఉన్నారు.

అదే మనిషి క్రెడిట్ కార్డు తీసుకున్నప్పుడు మాత్రం కాగితంలో "నెలకు 3.75 శాతం" అన్న మాటను చూసీ చూడనట్టు వదిలేస్తాడు. ఊరి లెక్కలో అది మూడు రూపాయల డెబ్బై అయిదు పైసల వడ్డీ. అక్కడితో అయిపోలేదు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. రెండూ కలిపితే నూటికి నెలకు నాలుగు రూపాయల నలభై రెండు పైసలు. ఏడాదికి 53 శాతం. ఇంత రేటు చెప్పి ఎవరైనా ప్రామిసరీ నోటు రాయమంటే ఊళ్లో దణ్ణం పెట్టి లేచి వచ్చేస్తారు. అన్ని కార్డులకూ ఇదే రేటు ఉండదు, కొన్నింటికి కాస్త తక్కువ. కానీ మామూలు కార్డుల్లో చాలావాటికి మూడున్నర రూపాయలకు అటూ ఇటూగానే ఉంటుంది.

ఈ రేటుకు చట్టం గీసిన గీత ఏదైనా ఉందా అంటే, ఇప్పుడు లేదు. ఏడాదికి 30 శాతం మించి వసూలు చేయడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు చెప్పింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వడ్డీ మితిమీరకూడదని రిజర్వ్ బ్యాంకు అంటుంది తప్ప ఇంతకు మించొద్దని అంకె చెప్పలేదు. కాబట్టి కాపాడుకోవలసింది వాడేవాళ్లే.

ఇంత చెప్పాక కార్డే వద్దని అనుకోవడం కూడా తొందరపాటే. గడువు తేదీ వరకు ఆ అప్పు మీద ఒక్క పైసా వడ్డీ ఉండదు. కొన్న రోజును బట్టి 20 రోజుల నుంచి 50 రోజుల దాకా ఉచితంగా డబ్బు వాడుకోవచ్చు. ఇంత తేలిగ్గా సొంత బావమరిది కూడా ఇవ్వడు. మరి బ్యాంకుకు ఏం మిగులుతుంది? కార్డు గీకిన ప్రతిసారీ దుకాణదారు నుంచి కొంత రుసుము వెళ్తుంది. దానికి తోడు, గడువులో పూర్తిగా కట్టలేనివాళ్ల దగ్గర వడ్డీ వస్తుంది. పూర్తిగా కట్టేవాళ్ల రివార్డు పాయింట్లలో ఆ రెండోవాళ్ల డబ్బూ కొంత ఉంటుంది. అంటే ఒకే కార్డు గడువు తేదీకి ముందు అన్ని అప్పుల కన్నా చౌక, ఆ మర్నాటి నుంచి అన్నింటికన్నా ఖరీదు. తెలివిగా వాడటమంటే ఆ తేదీకి ఏ వైపున ఉన్నామో చూసుకోవడమే.

తేదీల లెక్క ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణలో చూద్దాం. మే ఎండలకు తట్టుకోలేక ఒకరు మే 10న 40,000 రూపాయల ఏసీ కార్డు మీద కొన్నారు. జూన్ 5న బిల్లు తయారైంది, గడువు జూన్ 25. ఆ రోజున చేతిలో కాస్త తక్కువై 38,000 కట్టారు. మిగిలింది రెండు వేలే కదా, వడ్డీ కూడా ఆ రెండు వేలకే పడుతుందని ఎవరైనా అనుకుంటారు. చాలా బ్యాంకుల్లో అలా జరగదు. ఒక్క రూపాయి తగ్గినా వడ్డీ లేని గడువు మొత్తం రద్దవుతుంది. మే 10 నుంచి జూన్ 25 దాకా 46 రోజులకు పూర్తి 40,000 మీద వడ్డీ కడతారు. ఏడాదికి 45 శాతం చొప్పున అది సుమారు 2,270 రూపాయలు. మిగిలిన రెండు వేల మీద పది రోజుల వడ్డీ, ఆపైన జీఎస్టీ కలిపితే జూలై 5 బిల్లులో దాదాపు 2,700 రూపాయలు అదనంగా కనిపిస్తాయి. తగ్గింది రెండు వేలు, తగిలింది రెండు వేల ఏడు వందలు. పైగా పాత బాకీ తీరేదాకా కొత్తగా కొన్న వస్తువులకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఆ నెల పాలు, కూరగాయలు కూడా కార్డు మీదే కొంటుంటే వాటికీ అంతే.

ఇలాంటప్పుడు ఆ రెండు వేలు ఎవరి దగ్గరైనా చేబదులు తీసుకుని పూర్తిగా కట్టేయడం మేలు. మూడు రూపాయల వడ్డీకి తెచ్చినా నెలకు అయ్యేది అరవై రూపాయలు.

బిల్లులో పెద్ద అంకె పక్కనే ఒక చిన్న అంకె ఉంటుంది. మినిమమ్ డ్యూ అంటారు. కార్డుల చరిత్రలో ఇంత మర్యాదగా కనిపించే ఉచ్చు ఇంకొకటి లేదు. లెక్క ఒక్కో బ్యాంకులో ఒక్కోలా ఉంటుంది, బాకీలో 5 శాతం అనుకుందాం. లక్ష రూపాయల బాకీకి అయిదు వేలు కట్టమంటారు. అందులో వడ్డీకి, దాని జీఎస్టీకి పోయేది 4,425. అసలులో తగ్గేది 575. కొత్తగా ఏమీ కొనకుండా ఇలాగే కడుతూ పోతే ఏళ్లు గడిచినా అసలు కరగదు. మినిమమ్ మాత్రమే కడితే బాకీ నెలలు, ఏళ్ల పాటు సాగుతుందన్న హెచ్చరికను ప్రతి బిల్లులో అచ్చువేయాలని రిజర్వ్ బ్యాంకు నిబంధనే ఉంది. అచ్చు అయితే వేస్తున్నారు. చదివేంత పెద్ద అక్షరాల్లో అంకె ఉంటుంది, హెచ్చరిక ఉండదు.

దీనికి తోడు ఆటో డెబిట్. ఖాతాలోంచి బిల్లు దానంతటదే కట్ అయ్యేలా పెట్టుకోవడం మంచి అలవాటే. అయితే పెట్టేటప్పుడు రెండు ఆప్షన్లు వస్తాయి: మొత్తం బాకీ, లేదా మినిమమ్. తెలియక రెండోది నొక్కి, బిల్లు కట్ అవుతోంది కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్లు తక్కువేమీ కాదు. ఫోన్‌లో 'పేమెంట్ సక్సెస్' అన్న మెసేజ్ చూసి తృప్తి పడతారు, వడ్డీ మాత్రం నెలనెలా నడుస్తూ ఉంటుంది. కార్డు ఉన్నవాళ్లు ఈ ఒక్కటీ ఇవాళే యాప్ తెరిచి చూసుకోవాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. కార్డు ఎవరికి సరిపోతుంది? బ్యాంకులు జీతం, సిబిల్ స్కోరు (అప్పులు సరిగా తీర్చామా అన్నదానికి ఇచ్చే మార్కు) చూస్తాయి. వాడేవాళ్లు చూసుకోవలసింది ఇంకొకటి: ఇంటికి డబ్బు ఏ తేదీన వస్తుంది? తిరుపతిలో రెండు రకాల ఇళ్లు కనిపిస్తాయి. దేవస్థానం, యూనివర్సిటీ, స్విమ్స్, రుయా ఆసుపత్రుల లాంటి చోట్ల పనిచేసేవాళ్లకూ, శ్రీసిటీ కంపెనీల్లో ఉద్యోగులకూ నెల మొదట్లో జీతం పడుతుంది. వీళ్లకు కార్డు హాయిగా సరిపోతుంది, బిల్లు తేదీ ఒకటి సర్దుకుంటే చాలు. జీతం ఒకటో తేదీన వస్తుంటే గడువు అయిదో తేదీకి దగ్గరగా ఉండటం మేలు. అంటే బిల్లు పదిహేనో తేదీ ప్రాంతంలో తయారవ్వాలి. గడువు ఇరవై అయిదున పడితే అప్పటికి జీతంలో మిగిలేది ఏముంటుంది? బిల్లు తేదీని కనీసం ఒకసారైనా మార్చుకునే వీలు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన చెబుతోంది. అడిగేవాళ్లే తక్కువ.

రెండో రకం ఇళ్లలో డబ్బు తేదీని బట్టి రాదు, రద్దీని బట్టి వస్తుంది. కొండకు టాక్సీ నడిపేవాళ్లు, లాడ్జీలు, హోటళ్లు, పూజా సామగ్రి కొట్లు, అలిపిరి దగ్గర బొమ్మలు అమ్మేవాళ్లు. వేసవి సెలవులు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి సమయంలో చేతిలో కాసులు ఆడతాయి. పిల్లల పరీక్షల కాలం వస్తే బేరాలు పడిపోతాయి. ఇంకాస్త లోపలికి, చిత్తూరు వైపు వెళ్తే మామిడి రైతు. తోతాపురి కోత జూన్, జూలైలో. కాయ గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్లినంత మాత్రాన డబ్బు చేతికి రాదు, వారాలు, ఒక్కోసారి నెలలు ఆగాలి. ధర కూడా చేతిలో ఉండదు. 2025లో ధర పడిపోయి ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా నిర్ణయించాల్సి వచ్చింది. ఫ్యాక్టరీ డబ్బు ఆగస్టులో వస్తుందో సెప్టెంబరులో వస్తుందో తెలియదు, కార్డు గడువు మాత్రం ప్రతి నెలా అదే రోజున వచ్చి నిలబడుతుంది. పంట చేతికొచ్చాక తీర్చే అప్పులకు వేరే దారులు ఉన్నాయి: కిసాన్ క్రెడిట్ కార్డు, బ్యాంకులో వ్యవసాయ బంగారు రుణం. పేరులో 'క్రెడిట్ కార్డు' ఉన్నా కిసాన్ కార్డు అసలు ఈ జాతిది కాదు, అది పంట రుణం. ఎరువుల కొట్లో మామూలు క్రెడిట్ కార్డు గీకి పంట డబ్బుతో కడదామనుకోవడం ఈ జిల్లాలో ఎవరూ చేయకూడని పని.

అలాగని రద్దీ మీద బతికేవాళ్లు కార్డు ముట్టుకోకూడదని కాదు. చేతిలో డబ్బు ఉన్నప్పుడే, ఆ డబ్బు ఖాతాలోంచి కదలకుండా పెట్టుకుని, దాని బదులు కార్డు వాడేవాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. రాబోయే సీజన్ మీద ఆశతో గీకితేనే టెన్షన్.

గడువుకు డబ్బు లేనివాళ్లకు తిరుపతి లాంటి ఊళ్లలో ఒక 'సాయం' దొరుకుతుంది. రొటేషన్ అంటారు. కొట్టులోని మిషన్ మీద ఏమీ కొనకుండానే కార్డు గీకి, రెండు రెండున్నర శాతం పట్టుకుని మిగతాది నగదు ఇస్తారు. ఆ నగదుతో పాత బిల్లు కడతారు. వచ్చే నెల మళ్లీ అదే. లక్ష రూపాయలను ఇలా తిప్పుతూ పోతే నెలకు రెండున్నర వేలు, ఏడాదికి ముప్పై వేలు పోతాయి, లక్ష లక్షలాగే ఉంటుంది. వడ్డీ పడలేదన్న తృప్తి మిగులుతుంది, డబ్బు మిగలదు. ఇది కార్డు ఒప్పందానికి విరుద్ధం. ప్రతి నెలా ఒకే కొట్లో, సున్నాలతో ముగిసే అంకెలతో, లిమిట్ అంచుదాకా గీకడం బ్యాంకు కంప్యూటర్‌కు తెలియకుండా ఉండదు. ఒకరోజు కార్డు బ్లాక్ అయితే చక్రం అక్కడే ఆగి, మొత్తం ఒకేసారి మీద పడుతుంది. నేరుగా ఏటీఎంలో కార్డు పెట్టి తీయడం మరో దారి. దానికి సాధారణంగా రెండున్నర శాతం, కనీసం అయిదు వందల రుసుము, తీసిన క్షణం నుంచి వడ్డీ. అక్కడ ఉచిత గడువన్నదే లేదు.

కార్డు నిజంగా అక్కరకు వచ్చేది ఆసుపత్రి దగ్గర. చిత్తూరు నుంచి పెద్ద జబ్బు అంటే వేలూరు సీఎంసీకి పరుగు తీసేవాళ్లే ఎక్కువ, గంట ప్రయాణం. రాత్రిపూట అడ్వాన్స్ కట్టమంటే చీటీ డబ్బు తెమ్మని ఎవరినీ లేపలేం. అప్పుడు గీకిన యాభై వేలు ఎంత విలువైనవో ఆ ఇంటివాళ్లకే తెలుసు. కాకపోతే ఆ వడ్డీ లేని గడువును ఊపిరి తీసుకోవడానికే వాడుకోవాలి. ఈలోగా బీమా డబ్బు రాబట్టుకోవడమో, బంగారం పెట్టి కార్డు తీర్చడమో చేయాలి. ఇందుకోసమైనా కార్డులో సగానికి పైగా లిమిట్ ఎప్పుడూ ఖాళీగా ఉండటం మంచిది. లిమిట్‌లో మూడోవంతు లోపే వాడుతుంటే సిబిల్ స్కోరుకు కూడా మేలు.

రివార్డుల మీద ఎక్కువ చెప్పనక్కర్లేదు. మామూలు కార్డులో వంద ఖర్చుకు వచ్చేది రూపాయికి అటూ ఇటూ. నగల కొట్టులో కార్డు అయితే రెండు శాతం అదనం అని అడిగితే ఆ పాయింట్లు అక్కడే హరీ. పాయింట్ల కోసం అవసరం లేని వెయ్యి రూపాయల చీర కొనేవాళ్లకు వచ్చింది పది రూపాయలు. నో కాస్ట్ ఈఎంఐ కూడా పేరు చెప్పినంత ఉచితం కాదు. వడ్డీ అంత మొత్తాన్ని ధరలో తగ్గించి చూపిస్తారు, వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు కొనేవాళ్లే కడతారు, నగదుకు ఇచ్చే డిస్కౌంట్ పోతుంది. సున్నా వడ్డీ అన్నదే ఉండదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే చెప్పింది. అవసరమైన వస్తువుకు ఈ కాస్త ఖర్చు తెలిసి పెట్టుకుంటే తప్పు లేదు.

2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకునే వీలు వచ్చింది. టీ కొట్టు దగ్గర కూడా స్కాన్ చేసి కార్డు మీద కట్టొచ్చు. మనుషులకు పంపడం కుదరదు, దుకాణాలకే. చూడటానికి సదుపాయమే. కానీ పదిహేను రూపాయల టీలు, ముప్పై రూపాయల ఇడ్లీలు వంద పేరుకుంటే బిల్లులో ఏది మనది, ఏది మోసం అన్నది చూసే ఓపిక ఎవరికీ ఉండదు. చిల్లర ఖర్చును బ్యాంకు ఖాతా నుంచే కట్టి, కార్డును పెద్ద కొనుగోళ్లకు ఉంచితే బిల్లు ఒక పేజీలో తేలుతుంది.

మన వైపు మొహమాటం ఎక్కువ. "అన్నా, నీ కార్డు మీద ఆఫర్ ఉంది, ఫోన్ తీసుకుంటా, నెలనెలా ఇచ్చేస్తా" అంటే కాదనలేరు. తమ్ముడు రెండు వాయిదాలు తప్పితే వడ్డీ, సిబిల్ మచ్చ రెండూ అన్నవే. ఇంకో కోణం కూడా ఉంది. ఏడాదిలో కార్డు బిల్లులు పది లక్షలు దాటినా, నగదుగా లక్ష కట్టినా ఆ సమాచారం బ్యాంకు నుంచి ఆదాయ పన్ను శాఖకు వెళ్తుంది. ఆరు లక్షల జీతం చూపించి పదకొండు లక్షల బిల్లు కట్టినవాళ్లు, అవి స్నేహితుల ఖర్చులని నోటీసు వచ్చాక రుజువు చేసుకోవాల్సి వస్తుంది.

మోసాల సంగతికొస్తే, యాత్రికుల ఊరు కావడంతో తిరుపతి పేరు మీదే కొన్ని నడుస్తాయి. దర్శనం టికెట్లు, గదులు ఇస్తామంటూ దేవస్థానం పేరుతో నకిలీ వెబ్‌సైట్లు వస్తుంటాయి. అసలు సైట్ చిరునామా ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్‌తో ముగుస్తుంది. అది చూడకుండా కార్డు నంబరు కొట్టకూడదు. పాయింట్లు ఎక్స్‌పైర్ అవుతున్నాయని, లిమిట్ పెంచుతామని వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేవి) రెండో రకం. యాప్‌లో విదేశీ లావాదేవీలను ఆపేసి పెట్టుకోవడం ఒక్క నిమిషం పని. డబ్బు పోతే వెంటనే బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఇటు బ్యాంకు తప్పు, అటు కార్డుదారు తప్పు లేని మోసాన్ని బ్యాంకు నుంచి లావాదేవీ సమాచారం అందిన మూడు పనిదినాల్లో తెలిపితే నష్టం కార్డుదారు మీద పడదని రిజర్వ్ బ్యాంకు 2017 నిబంధన. ఓటీపీ చెప్పేస్తే మాత్రం ఫిర్యాదు చేసేదాకా పోయిందంతా సొంత నష్టమే.

ఇప్పటికే బాకీలో ఇరుక్కున్నవాళ్ల లెక్క వేరు. మొదట కార్డు వాడకం ఆగాలి. తర్వాత నాలుగు రూపాయల అప్పును రూపాయి అప్పుగా మార్చుకోవాలి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి కార్డు మొత్తం తీర్చేయడం అన్నింటికన్నా చౌక దారి, అక్కడ వడ్డీ సాధారణంగా రూపాయికి అటూ ఇటూ. తాళిబొట్టు గొలుసు కుదువ పెట్టడం ఇంట్లోవాళ్లకు కష్టంగానే ఉంటుంది, నెలకు మూడు రూపాయలు ఎక్కువ కట్టడం అంతకన్నా కష్టం. బంగారం లేకపోతే బాకీని ఈఎంఐగా మార్చమని బ్యాంకునే అడగొచ్చు, రేటు సగానికి పైగా తగ్గే అవకాశం ఉంది. ఈఎంఐకి మార్చాక కొత్త లిమిట్ కనిపించిందని మళ్లీ గీకితే రెండు బాకీలు అవుతాయి.

వసూలు ఏజెంట్లు ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయకూడదు. బెదిరిస్తే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా రాయవచ్చు, వివరాలకు 14448 నంబరు ఉంది. బాకీలో సగం కడితే చాలు, సెటిల్ చేస్తామని ఏజెంట్ అంటే ఆశపడే ముందు ఒక సంగతి తెలియాలి. అప్పుడు సిబిల్ రిపోర్టులో 'క్లోజ్డ్' అని కాక 'సెటిల్డ్' అని పడుతుంది, తర్వాత ఇంటి రుణం అడిగినప్పుడు బ్యాంకు మేనేజరు చూసేది ఆ మాటనే. పూర్తిగా తీర్చాక కార్డు వద్దనుకుంటే మూసేయమని రాసివ్వాలి. బాకీ ఏమీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూసేయాలి, ఆలస్యం చేస్తే రోజుకు అయిదు వందల చొప్పున బ్యాంకే కార్డుదారుకు చెల్లించాలి. బాకీ లేదన్న లెటర్ చేతికి తీసుకుని, రెండు నెలల తర్వాత సిబిల్ రిపోర్టు తెరిచి చూడాలి. ఏడాదికొకసారి అది ఉచితం.